నాలుకకు ముందు చెవి

నాలుగేళ్ల బిడ్డ ‘కాకి’ని ‘తాకి’ అంటే ముద్దుగా నవ్వుకుంటాము. కాని ‘తోత్లా’ అని పేరు పెట్టి పిలిస్తే ఆ బిడ్డ క్రమంగా నోరు విప్పడమే మానుకుంటాడు. ఎగతాళి పేర్లను దివ్యఖుర్ఆన్ (49:11) నిషేధించింది; పసివారు దీనికి మినహాయింపు కారు.

నాలుగేళ్లు నిండేసరికి బిడ్డ మాట కొత్తవారికి కూడా చాలావరకు అర్థం కావాలి. కాకపోతే మొదట వినికిడి పరీక్ష చేయించాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు ఇంట్లో ఉర్దూ, అంగన్‌వాడీలో తెలుగు వినడం ఈ లోపానికి కారణం కాదు.

మదర్సాలో ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క అని చెప్పి, ఆ ధ్వనుల భేదాన్ని మేము ముందు చెవికి పట్టిస్తాము. నాలుక తర్వాత లొంగుతుంది. ఇంట్లోనూ అంతే. తల్లి కాకి బొమ్మ చూపి ‘కాకి’, ‘తాకి’ అని రెండూ పలకాలి. సరైనది వినగానే బిడ్డ బొమ్మను తాకాలి. ‘పలక’కు మూడు చప్పట్లు, ‘కితాబ్’కు రెండు. పాలు, పాము, పాప మాటల మొదట వినిపించేది ఏమిటో అడగాలి. ‘మళ్లీ అను’ అంటూ వేధించరాదు. ధ్వనులను విడదీసి వినగలిగే బిడ్డకు రేపు చదువు సులువవుతుంది.

ఈ ఆట చికిత్సకు బదులు కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందం అంగన్‌వాడీకి వచ్చిన రోజు బిడ్డను ఇంట దాచక చూపించాలి.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని ప్రార్థించారు. సోదరుడు హారూన్‌ను తోడుగానూ కోరారు. దుఆ చేసే తల్లిదండ్రులు తోడు వెతకడానికి సంకోచించనవసరం లేదు.