నల్లరాతిని చంపుతున్న తెల్లవెలుగు

"మంచి కెమెరా ఉంటే నేనూ తీసేవాణ్ణి" అనే వాక్యాన్ని ఇకనైనా మన భాషలోంచి బహిష్కరించాలని నా అభిప్రాయం. నంద్యాలలో అయినా, ఆళ్లగడ్డలో అయినా ఎవరిని కదిపినా ఇదే మాట. కొత్త ఫోను కొన్న ఆరునెలలకు మళ్లీ అదే మాట. 1827 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు నియెప్స్ తన ఇంటి పైఅంతస్తు కిటికీ నుండి తీసిన చిత్రానికి గంటల కొద్దీ ఎండ పట్టింది. ఆ పెట్టెతో పోలిస్తే ఇవాళ్టి అతి చవక ఫోను కూడా దివ్యాస్త్రమే. మనకు కరువైనది పరికరం కాదు. వెలుగు ఎటునుండి వస్తోందో ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు. ఆ అలవాటును పోగొట్టిన నేరం ఫ్లాష్‌ది అని నా ఆరోపణ.

సాక్ష్యం ఆళ్లగడ్డలోనే ఉంది. అక్కడి శిల్పులు తరతరాలుగా రాతిని చెక్కుతున్నారు. పాకల ముందు దేవతామూర్తులు, నందులు, నాయకుల విగ్రహాలు వరుసగా నిలబడి ఉంటాయి. దూరపు ఊరి నుండి విగ్రహం చేయించుకోదలచినవారు ఇప్పుడు దాన్ని మొదట చూసేది ఫోనులో వచ్చిన బొమ్మగానే. ఆ బొమ్మలో కనిపించేదేమిటి? నుదుటి మీద ఒక తెల్లమచ్చ, చుట్టూ బొగ్గుముద్ద. ఉలితో ఎంతో ఓర్పుగా తీర్చిన కంఠహారం, కనురెప్ప అంచు, వస్త్రపు మడత, అన్నీ మాయం. చెక్కడం అంటేనే నీడకు చోటు కల్పించడం. ఫ్లాష్ కెమెరా కన్ను పక్కనే ఉంటుంది కనుక, మనం చూసే దిక్కు నుండే వెలుగు పడుతుంది. నీడలన్నీ విగ్రహం వెనక్కి పోతాయి. నీడ లేని శిల్పం అచ్చువేసిన క్యాలెండరు బొమ్మతో సమానం. శిల్పి శ్రమను ఒక్క మెరుపులో తుడిచేసి, ఆపైన "ధర ఎక్కువ చెప్తున్నారు" అని నిష్ఠూరమాడటం మనకే చెల్లింది.

దీనికి విరుగుడుకు పైసా ఖర్చు లేదు. విగ్రహాన్ని పాక లోపలి నుండి అంచు దాకా జరపండి. బరువైనదైతే మీరే జరగండి. సాయంత్రం నాలుగు దాటాక, వెలుగు ఒక పక్కనుండి ఏటవాలుగా పడుతున్నప్పుడు తీయండి. మెరుగుపెట్టిన నల్లరాయి అద్దం వంటిది. దాని మీద వెలుగు వేయాలనుకోవడమే పొరపాటు, అది దేన్ని ప్రతిఫలిస్తోందో చూసుకోవాలి. రెండోపక్కన ఒక తెల్లపంచె వేలాడదీస్తే, ఆ తెలుపు రాతి అంచు వెంబడి సన్నని గీతగా పాకుతుంది, రూపం నిలబడుతుంది. పాకలో ట్యూబులైటు వెలుగుతుంటే ఆర్పేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే రాయికి లేని రంగు పడుతుంది. మరొక సంగతి. కెమెరా ఎదుట ఏది ఉన్నా దాన్ని నడిమి బూడిదరంగుకు లాగడానికే చూస్తుంది. అందుకే నల్లరాయి బూడిద పూసుకున్నట్టు వస్తుంది. తెర మీద విగ్రహాన్ని తాకితే చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు కనబడుతుంది. దాన్ని కొంచెం కిందికి దించితే కృష్ణశిల మళ్లీ కృష్ణశిల అవుతుంది.

రాతికి జరిగిన అన్యాయమే మన ముఖాలకూ జరుగుతోంది. అది ఇంకా పెద్ద అన్యాయం. ఎండలో పండిన చామనఛాయ ముఖాన్ని స్టూడియోలో కూర్చోబెట్టి, ఎదురుగా తెల్లటి దీపాలు వేసి, అది చాలక కంప్యూటరులో పిండి పులిమినట్టు తెల్లబరిచి, "అమ్మాయి ఎంత బాగా వచ్చిందో!" అంటారు. వచ్చింది ఆ అమ్మాయి కాదు. ఈ దురాచారానికి పాత బంధువులు ఉన్నారు. కొడాక్ సంస్థ వారి కలర్ అచ్చులు సరిచూసుకోవడానికి 'షర్లీ కార్డు' అని తెల్లజాతి యువతి చిత్రం ఒకటి దశాబ్దాల పాటు కొలబద్దగా ఉండేది. నల్లని చర్మం ఆ కొలతలో ఇమడలేదు. వారికి అది యాంత్రికమైన పక్షపాతం. మనం దాన్ని సంబంధాల మార్కెట్టు కోసం స్వహస్తాలతో కొనసాగిస్తున్నాం. ఇప్పుడు ఫోనుల్లోని 'బ్యూటీ' అమరిక ఆ పని అడగకుండానే చేసిపెడుతోంది. దాన్ని ముందు ఆపేయండి.

ఇక పుస్తకజ్ఞానుల మాట. 'గోల్డెన్ అవర్'లో తీయండి, ఉత్తరపు కిటికీ దగ్గర తీయండి అని చల్లని దేశాలవారు రాసిన సలహాలను యథాతథంగా వల్లించేవారు మనలో పెరిగారు. మనం ఉన్నది సుమారు 15 డిగ్రీల అక్షాంశం మీద. లండనులో సూర్యుడు బద్ధకంగా పక్కవాటుగా పైకి పాకుతాడు. ఇక్కడ దాదాపు నిట్టనిలువునా లేస్తాడు. మార్చి, సెప్టెంబరు నెలల్లో గంట తిరిగేసరికి 14 డిగ్రీలు పైకెక్కుతాడు, అక్కడైతే 9 డిగ్రీలే. కనుక వారి బంగారుగంట మనకు ముప్పావుగంట కూడా ఉండదు. ఉత్తరపు కిటికీ సంగతీ అంతే. వారి సూర్యుడు పగటివేళ దక్షిణాన ఉంటాడు. మన సూర్యుడు మే మొదటి రోజుల్లో సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కణ్ణుంచి ఉత్తరానికి జరిగి, మళ్లీ ఆగస్టు 10 ప్రాంతంలో నడినెత్తి మీదుగా దక్షిణానికి తిరిగిపోతాడు. ఆ నడుమ ఉత్తరపు కిటికీలోంచి ఎండే వస్తుంది. అయితే వారికి లేని వరం ఒకటి మనకుంది. తూర్పున గోడకట్టినట్టు నల్లమల నిలబడి ఉంది. ఆకాశం తెల్లవారిన తరువాత కూడా, కొండపాదాన అహోబిలం వైపు ఎండ ఆలస్యంగా దిగుతుంది. ఆ లోపున ఉండే నీడలేని మెత్తని వెలుగును మించిన స్టూడియో ఎక్కడుంది?

అంతదూరం పోనక్కర్లేదు కూడా. పాత మిద్దె ఇళ్లలో పైకప్పుకు గవాచి ఉండేది. పొగ పోవడానికి, వెలుగు రావడానికి పెట్టిన ఆ చిన్న రంధ్రం కింద నుంచి ఒక అడుగు వెనక్కి కూర్చుని అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే, ఆ ముఖం మీది ప్రతి ముడతకూ ఒక ఉనికి ఉండేది. కింద నాపబండల నేల ఉంటే ఆ వెలుగును పైకి విసిరి కళ్లకింది నీడను పలచబరిచేది. బేతంచెర్ల బండల మీద జీవితమంతా నడిచిన మనం, రిఫ్లెక్టరు అని వెండిరంగు గుడ్డ కొనడానికి పరుగెత్తుతున్నాం! మిద్దెలు పోయినా వసారాలు ఉన్నాయి, వాకిళ్లు ఉన్నాయి. మనిషిని గడప లోపల ఒక అడుగు దూరంలో నిలబెట్టి, ముఖం బయటి వైపు తిప్పి చూడండి. గదిలోకి రెండడుగులు వెళ్లేసరికి వెలుగు ఎంత పడిపోతుందో కూడా మీకే తెలుస్తుంది.

"ముహూర్తం అర్ధరాత్రి అయితే ఏం చేస్తావయ్యా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బెలుం గుహల్లోకీ సూర్యుడు రాడు. అక్కడ దీపం వేయక తప్పదు. 1956లో వచ్చిన 'అపరాజితో' కోసం కాశీ ఇంటి నడిముంగిలిని కలకత్తా స్టూడియోలో కట్టినప్పుడు, సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ పరిచి, దీపాల వెలుగును దానిమీద పడేలా చేసి వెనక్కి రప్పించాడు. నిజమైన నడిముంగిలిలో ఆకాశం చేసే పనిని గమనించాడు గనుక దొంగ ఆకాశాన్ని కట్టగలిగాడు. పందిట్లో పైన తెల్లని షామియానా ఎలాగూ ఉంటుంది. ఫ్లాషును వధువు కళ్లలోకి కాక దానివైపు తిప్పమని ఫోటోగ్రాఫరును అడగండి. పెళ్లికూతుర్ని చేసేది మాత్రం పగటిపూట, ఇంట్లోనే. ఆ వేళయినా ఎదురుదీపాలు తీసేయించి, పీటను వసారా అంచుకు జరిపించండి.