చిటికెడు ఉప్పులో ఏమున్నది?



తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక అమ్మాయి మొన్న పుస్తకము పట్టుకొని మా యింటికి వచ్చినది. "అయ్యగారూ, సోడియం నీళ్ళలో వేస్తే మండుతుందట. క్లోరిన్ విషవాయువట. రెండూ కలిస్తే ఉప్పట. మరి రోజూ కూరలో వేసుకొని ఎలా బ్రతికి ఉన్నామండీ?" అని అడిగినది. మేము చదివినది దైవశాస్త్రమే గాని రసాయన శాస్త్రము కాదు. అయినను ఆమెతో కూర్చుండి ఆ పాఠము చదివితిమి.

పిల్ల మాట నిజమే. సోడియం కత్తికి తెగునంత మెత్తని లోహము. గాలి, తేమ తగులకుండ కిరోసిన్‌లో ఉంచుదురు. క్లోరిన్‌ను 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె పట్టణము చెంత జర్మను సైన్యము శత్రువులపైకి వదలినది.

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లున్నవి. పది లోపలి కక్ష్యలలో నిండియుండగా, పదకొండవది వెలుపల ఒంటరిగా నుండును. క్లోరిన్‌కు 17, వెలుపలి కక్ష్య నిండుటకు ఒక్కటి తక్కువ. సోడియం ఒకటి ఇచ్చును, క్లోరిన్ పుచ్చుకొనును. ఇచ్చినదానికి ధనావేశము, పుచ్చుకొన్నదానికి ఋణావేశము కలుగును. వీటినే అయానులందురు. ఎదురెదురు ఆవేశములు ఒకదానినొకటి లాగుకొనుటయే అయానిక బంధము. మండుటకు సోడియం వద్ద ఆ విడి ఎలక్ట్రాను ఇక లేదు. క్లోరిన్‌కు లాగుకొనవలసిన లోటును లేదు. గుణములే మారిపోయినవి.

ఇవి జంటలుగా నుండునని మేమనుకొంటిమి. కాదట! ఒక్కొక్క అయాను చుట్టు ఎదురు జాతివి ఆరేసి యుండును. రాళ్ళ ఉప్పు పలుకులు చదరముగా నుండుట అందుకే. ఈ పట్టు విడిపించి ఉప్పును పొయ్యి మీద కరిగించవలెనన్న 801 డిగ్రీల వేడి కావలెను. నీళ్ళలోనో, చెంచాతో త్రిప్పగానే కరుగును. నీటి అణువులు ఒక్కొక్క అయానును చుట్టుకొని విడదీయును.

ఇట్లు విడిపోయిన అయానులే మన నరములకు, కండరములకు అవసరము. విరేచనములు పట్టుకొన్న బిడ్డ ఒంటినుండి నీటితో కూడ ఇవియు పోవును. "నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అని బిడ్డ నోరు కట్టు ఇండ్లను మేము నేటికిని చూచుచున్నాము. అది ప్రాణము మీదికి తెచ్చును. అట్లని వట్టి నీరు చాలదు. ప్రేగులలో గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి పోవును. నీరు వాటి వెంట పోవును. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ చేరినప్పుడు కలరా చెలరేగి, సెలైను చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు త్రాగించి ఎందరినో బ్రదికించిరి.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఆశా కార్యకర్త వద్ద అడుగుడి. అది లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి కలుపవలెను. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. కావున ముందు మీరొక గుక్క త్రాగుడి. కన్నీటికంటె ఉప్పగా ఉన్న పారబోయుడి. బిడ్డ కండ్లు గుంటలు పడినను, మూత్రము ఆగినను, త్రాగలేకపోయినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దారిలోను గుక్కగుక్కగా పట్టుచునే యుండుడి.