కోడికి కాటా ఉంది, కొడుక్కి లేదు

సంక్రాంతి మూడు రోజులూ దివిసీమలోనో గుడివాడ పక్కనో ఏదో ఒక బరి దగ్గర నిలబడి చూడండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దంటుంది, 1974 నాటి గేమింగ్ చట్టం వద్దంటుంది, కోడిపందెం మాత్రం ఆగదు. నేను పందేల భక్తుణ్ణి కాను. అయినా ఒక్క సంగతి ఒప్పుకుని తీరాలి. అక్కడ డేగ పుంజును తెచ్చి నెమలి పుంజు మీదికి ఊరికే వదలరు. ముందు జోడీ కడతారు. ఎత్తు చూస్తారు, ఈడు అడుగుతారు, చేత్తో ఎత్తి బరువు అంచనా కడతారు, అనుమానం వస్తే కాటా మీద పెడతారు. జోడీ కుదరలేదా, పుంజును చంకలో పెట్టుకుని ఆసామి ఇంటిదారి పడతాడు. ఎవరూ తప్పు పట్టరు.

ఆ మర్యాద నా కొడుక్కి దక్కలేదు.

వాడికి పదకొండేళ్ళు, ఇరవై తొమ్మిది కిలోలు. ఒక ఊళ్ళో, ఒక కళ్యాణమండపంలో కరాటే టోర్నమెంటుకి తీసుకెళ్ళాను. ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్ళవాళ్ళు ‘మేం కాదు’ అని చేతులు దులుపుకుంటారు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ‘ఇంటర్నేషనల్ ఓపెన్’ అని ఉంది. వచ్చింది బందరు, పెడన, గుడ్లవల్లేరు, చల్లపల్లి పిల్లలు. కృష్ణ దాటి రేపల్లె నుంచి వచ్చిన నలుగురే ఆ రోజు విదేశీయులు. ఫ్లెక్సీలో ముఖ్య అతిథి పక్కన బ్రూస్‌లీ బొమ్మ. ఆయన చేసింది కుంగ్‌ఫూ అని అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఉదయం ఎనిమిదికల్లా ఉండాలన్నారు. అతిథి పదకొండున్నరకు వచ్చాడు. దీపం, ప్రసంగం, శాలువాలు, మళ్ళీ శాలువాలు. మొదటి బౌటు మొదలయ్యేసరికి ఒంటిగంట. కటాకి, అంటే ఒంటరిగా చేసి చూపే విన్యాసానికి ఒక ఎంట్రీ ఫీజు, కుమితేకి, అంటే ఎదురెదురుగా తలపడే పోటీకి ఇంకొకటి, మొత్తం పన్నెండు వందలు కట్టించుకున్న బల్ల మీద రసీదు పుస్తకం ఉంది, మైకు ఉంది, మెడల్స్ గుట్ట ఉంది. కాటా లేదు. బెల్టు రంగు చూసి జోడీ కట్టారు. మా వాడి ఎదురుగా నిలబడ్డ కుర్రాడికి నూనూగు మీసం. కింద మ్యాట్లు లేవు, ఎవరి పెళ్ళిలోనో మిగిలిన తివాచీ పరిచారు. రిఫరీ ‘యమే’ అని అరిచాడు. మా వాడు ఆగాడు. ఆ కుర్రాడు ఆగలేదు. గుద్దు ముక్కు మీద పడింది.

ఆ కుర్రాణ్ణి నేను ఒక్క మాట అనను. యమే అంటే ఆగమని వాడికి ఎవరూ చెప్పలేదు. బౌటు ఎలా మొదలుపెట్టాలో నేర్పారు గాని ఎలా ఆపాలో నేర్పలేదు. ఇది పింగళి వెంకయ్య గారి నేల. భట్లపెనుమర్రులో పుట్టి, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన ఆయన 1913లో బాపట్లలో జపాన్ భాషలో ఉపన్యాసమిచ్చి ‘జపాన్ వెంకయ్య’ అనిపించుకున్నారు. వందేళ్ళు దాటాక అదే నేల మీద రెండక్షరాల జపాన్ మాటకు అర్థం తెలియక ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడి ముక్కు పగలగొట్టాడు.

డాక్టరు లేడు. ఎదురు కొట్లో కూల్‌డ్రింక్ డబ్బాలోంచి ఐసు తెచ్చి నేనే పెట్టాను. సాయంత్రం మా వాడి మెడలో వెండి పతకం వేశారు. ఆ విభాగంలో ఉన్నదే ఇద్దరు! మర్నాడు జిల్లా పేజీలో ‘అంతర్జాతీయ కరాటేలో రజతం’ అని ఫొటో. బంధువులు ఫోన్లు చేసి మెచ్చుకుంటుంటే మా ఆవిడ వాడి ముక్కుకి కాపడం పెడుతోంది.

‘మరీ అంత కోపం దేనికండీ, చిన్న ఊళ్ళు, పిల్లలకు ప్రోత్సాహం’ అంటారు పెద్దమనుషులు. ఈ చిన్న ఊళ్ళ వాదం నా దగ్గర చెల్లదు. ఇది వరి పండే డెల్టా. కాటా లేని ఊరేదో చూపించండి. ధాన్యం బస్తా తూకంలో కిలో తేడా వస్తే కళ్ళంలోనే గొడవపడే రైతులం. అదే రైతు కొడుకు పది కిలోలు ఎక్కువున్నవాడి ముందు నిలబడితే చప్పట్లు కొడతాం. రెండు శాలువాలు తగ్గిస్తే ఒక కాటా వస్తుంది. కటాకీ కాటాకీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. మన నిర్వాహకులకు ఆ దీర్ఘం బరువైపోయింది.

అసలు ఆట ఏమంటోందో వినండి. వరల్డ్ కరాటే ఫెడరేషన్ పోటీల్లో పెద్దవాళ్ళు, ఒళ్ళు గట్టిపడ్డవాళ్ళు. అయినా మగవాళ్ళను 60, 67, 75, 84 కిలోల గీతలు గీసి అయిదు ముక్కలు చేస్తారు. ఎనిమిది మీటర్ల చదరం, మెత్తటి మ్యాట్లు, నోట్లో గమ్‌షీల్డ్, కాళ్ళకు ప్యాడ్లు. గుద్దుకి ఒక పాయింటు, పొట్ట మీద తన్నుకి రెండు, తల మీద తన్నుకి మూడు. ఆ మూడు కూడా దెబ్బను అదుపులో పెట్టుకున్నవాడికే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ కరాటే ఆఖరి పోటీ గుర్తుందా? సౌదీ ఆటగాడు తారెగ్ హమేదీ ఆధిక్యంలో ఉన్నాడు. తల మీద తన్నాడు, ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. బంగారం ఎవరికి? పడిపోయినవాడికి. అదుపు తప్పిన దెబ్బకు అనర్హత వేటు పడింది. అది న్యాయమా కాదా అని లోకం వాదించుకుంది, వాదించుకోనివ్వండి. ఒలింపిక్ బంగారం దగ్గర కూడా ‘ఇంత గట్టిగా కొట్టకూడదు’ అన్న గీత ఉంది. మన కళ్యాణమండపంలో గట్టిగా కొట్టినవాడికి మైకులో ‘శభాష్’ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్ళి కరాటేని జపాన్‌కు చూపించిన ఫునకోషి గిచిన్ ఒక బడిపంతులు. 1924లో తన శిష్యులకు మొదటిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చిందీ ఆయనే, జూడో నుంచి ఆ పద్ధతి తీసుకుని. పోటీలంటే ఆయనకు గిట్టేది కాదు. 1957 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు, ఆ ఏడే జపాన్‌లో మొదటి అఖిల జపాన్ పోటీ పెట్టారు. నేను ఆయనంత చాదస్తుణ్ణి కాను, పోటీ కావాలంటాను. ఎదుటివాడెవరో తెలియని కొద్ది నిమిషాల్లో పిల్లవాడికి అబ్బే ధైర్యం ఏడాది క్లాసులో అబ్బదు. అందుకే ఆ కొద్ది నిమిషాలను అమ్ముకునేవాళ్ళంటే నాకు మంట.

అమ్మేది మాస్టార్లు మాత్రమే అనుకుంటే అన్యాయం. ఆ మాస్టారి బతుకు చూడండి. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి ఒక్కో బడికి ఇచ్చేది నెలకు 5000 రూపాయలు, అదీ ఏడాదికి మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలు ఆయన గాలి భోంచేయాలా? అందుకే మూడు నెలలకో బెల్టు పరీక్ష, ఆర్నెల్లకో ‘నేషనల్’, ఏడాదికో ‘ఇంటర్నేషనల్’. జీతం ఇవ్వని ఊరు మెడల్ కొనుక్కుంటుంది. కొనేది ఎవరు? మనమే. నెల ఫీజు అయిదొందలంటే బేరమాడే తండ్రి, ఫొటో పడుతుందంటే పన్నెండు వందలు మారుమాట లేకుండా తీసిస్తాడు. నేనూ తీసిచ్చాను.

ఆ సర్టిఫికెట్‌కి ఏదో విలువ ఉంటుందని కదా మన ఆశ! దేశంలో కరాటే పెద్దల సంగతి చూడండి. కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియాని 2020లో వరల్డ్ ఫెడరేషనే సస్పెండ్ చేసింది. తర్వాత కరాటే ఇండియా ఆర్గనైజేషన్ వచ్చింది. పైన కుర్చీలు మారుతుంటే కింద ఎవడి స్టాంపు వాడిదే. డీఎస్సీ కోచింగ్‌కని రాష్ట్రం నలుమూలల నుంచీ అవనిగడ్డ వచ్చి అద్దె గదుల్లో చదివేవాళ్ళను చూస్తున్నాం. వాళ్ళకి ఎవడైనా డబ్బులు పుచ్చుకుని దొంగ ర్యాంకు కార్డు ఇస్తే తన్ని తగిలేస్తారు. పిల్లవాడి మెడలో దొంగ పతకం పడితే మాత్రం మనం ఫ్రేము కట్టిస్తాం.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈసారి టోర్నమెంటు అని కబురొస్తే డబ్బులు తీసేముందు నోరు తెరవండి. ఏ సంఘం పెడుతోంది, అది పైన ఎవరికి అనుబంధం? కాగితం చూపించమనండి. జోడీ ఈడూ బరువూ చూసి కడతారా, బెల్టు రంగు చూసా? మా విభాగంలో ఎందరు, డ్రా ముందురోజు ఇస్తారా? రిఫరీలు బయటివాళ్ళా, ఎంట్రీలు తెచ్చిన మాస్టార్లేనా? మ్యాట్లు ఉన్నాయా, డాక్టరు ఎవరు? అయిదు ప్రశ్నలు. మూడింటికి జవాబు రాకపోతే ఆ పూట పిల్లవాణ్ణి మంగినపూడి తీసుకెళ్ళి సముద్రం చూపించండి, పుణ్యం వస్తుంది. బడి క్రీడల దారి కూడా మరవొద్దు. 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాలు ఉంటాయి. కరాటే ఎంపికలు ఎక్కడో, ఎప్పుడో పీఈటీ సారుని అడగండి. అక్కడ పన్నెండు వందలు అడగరు కాబట్టే దాని గురించి మీకెవరూ ఫోన్ చేయరు.

సన్నద్ధత మాటకొద్దాం. మన దగ్గర అది ‘వచ్చే ఆదివారం టోర్నమెంటు, డ్రెస్సు ఉతికించండి’ అన్న వాట్సాప్ మెసేజ్‌తో మొదలై అక్కడే ముగుస్తుంది. పుంజుకి నెలల తరబడి బాదం, జీడిపప్పు, ఈత, నడక. పిల్లవాడికి వారం! ఎనిమిది వారాలు ఇవ్వండయ్యా. పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగు. దివిసీమ పిల్లలకు హంసలదీవి ఇసుక ఉంది, ఇసుకలో అడుగులు వేసినవాడి కాళ్ళు మ్యాటు మీద ఎగురుతాయి. దూలానికి దారం కట్టి కాగితం వేలాడదీయండి. గుద్దు గాలికి కాగితం కదలాలి, పిడికిలి తగలకూడదు. నెల రోజులు అదే పని చేస్తే అదుపు దానంతటదే వస్తుంది. చిన్నవాళ్ళ బౌటు నిమిషమున్నర. గడియారం పెట్టి నిమిషమున్నర ఆడించి, అంతసేపు కూర్చోబెట్టి, మళ్ళీ లేపండి. అయిదు సార్లు. రిఫరీ మాటలు అర్థంతో సహా రావాలి, యమే ముందు రావాలి. ఓడిపోతే ఎలా వంగి నమస్కరించాలో కూడా ఇంటి దగ్గరే నేర్పి పంపండి.

అన్నిటికన్నా ముఖ్యం కొత్త ముఖాలతో ఆడటం. అక్కడే మన రోగం బయటపడుతుంది. ఈ మాస్టారి పిల్లలు ఆ మాస్టారి గడప తొక్కకూడదు, తొక్కితే ద్రోహం! బందరు, గుడివాడ, అవనిగడ్డ మాస్టార్లు నెలకో ఆదివారం ఒకచోట కలిసి పిల్లల్ని ఆడిస్తే ఏం పోతుంది? ఫీజు లేదు, పతకం లేదు, అతిథి లేడు. తివాచీ బదులు మ్యాట్లు, మూలన ఒక కాటా. ఎదురుమొండి నుంచి పంటు దాటి, రెండు బస్సులు మారి వచ్చే పిల్లకి ఆ దారిఖర్చుకు తగ్గ ఆట దొరుకుతుంది. ఆ ఆదివారం కోసం మాస్టారికి నెల ఫీజు మీద ఇంకో వంద వేసి ఇవ్వడానికి నేను సిద్ధం. మీరు?

మొన్న దీపావళికి ఇల్లు సర్దుతుంటే మా వాడి పతకాలు పదకొండు బయటపడ్డాయి. పాత ఇనప సామాన్లవాడు వచ్చాడు. వాడు ఒక పతకాన్ని గోటితో గీకి, ‘పైన పూతే బాబూ, లోపల రేకు’ అని పదకొండూ తీసి కాటాకి తగిలించాడు. ముల్లు అర కిలో దగ్గరకు కూడా పోలేదు. పక్కనే నిలబడి చూస్తున్న మా వాడు అడిగాడు: ‘వీటిని తూచారు కదా నాన్నా, ఆ రోజు నన్నెందుకు తూచలేదు?’

జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ ఫోన్ మోగింది, ఇంకో ఊరు, ఇంకో ఇంటర్నేషనల్. ‘కాటా ఉందా సార్?’ అనడిగాను. ‘కటా ఉంది, కుమితే ఉంది, రెండూ రాయించండి’ అన్నాడాయన ఉత్సాహంగా.