అమెరికా మహానగరముల ఎన్నికలు – ముహూర్తబలము

2025వ సంవత్సరము నవంబరు 4వ తేదీన న్యూయార్కు నగరపు వోటర్లు ఒకే చీటి మీద రెండు తీర్పులు చెప్పిరి. మొదటిది లోకమంతయు విన్నది. ఆఫ్రికాలోని కంపాలా పట్టణమున పుట్టి, ఏడవయేట ఆ నగరము చేరిన ముప్పదినాలుగేండ్ల జోహ్రాన్ మమ్‌దానీని వారు మేయరుగా ఎన్నుకొనిరి. ఆయన తల్లి చలనచిత్ర దర్శకురాలు మీరా నాయరు గనుక మన పత్రికలును ఆ వార్తను పెద్ద అక్షరములతో ప్రకటించినవి. రెండవ తీర్పును గూర్చి పలికినవారు తక్కువ. నగరపు ఎన్నికలను అధ్యక్షుని ఎన్నిక జరుగు సంవత్సరమునకు మార్చవలెనా అను ప్రశ్న ఆ చీటి వెనుకవైపున ఉండెను. వోటర్లు వలదనిరి. మొదటి తీర్పు నాలుగేండ్ల మాట. రెండవది రాబోవు మేయర్లందరి మాట. దానిని గూర్చియే ఇక్కడ విచారింపదలచితిని.

తేదీ మార్చినంత మాత్రమున ఏమగునని పాఠకులు అడుగవచ్చును. అమెరికా ఎన్నికల పంచాంగమును ఒకసారి పరికింపుడు. అధ్యక్షుని ఎన్నిక లీపు సంవత్సరములలో వచ్చును. కాంగ్రెసు ఎన్నికలు సరిసంఖ్య సంవత్సరములన్నిటను వచ్చును. నగరముల ఎన్నికలు మాత్రము పెక్కుచోట్ల బేసి సంవత్సరములలో, అదియు నగరమునకొక నెలలో జరుగును. న్యూయార్కున నవంబరులో, షికాగోలో మంచు కురియు ఫిబ్రవరిలో, అప్పుడెవరికిని సగమునకు మించి వోట్లు రానిచో మరల ఏప్రిలులో. అధ్యక్షుని ఎన్నికకు బారులు తీరి నిలుచు జనము ఇట్టి ఎన్నికలను మరచిపోవుదురు. 2021లో న్యూయార్కు మేయరు ఎన్నికకు వచ్చినవారు నమోదైన వోటర్లలో నాలుగవవంతు కూడ లేరు. 2023 మే నెలలో డల్లాసు మేయరుకు ప్రత్యర్థియే లేడు. చీటిపై పేరు అచ్చుకాని యొకరికి చేతితో పేరు వ్రాసి వోటు వేయవలసియుండెను. ఆ ఎన్నికకు నూటికి పదిమంది వోటర్లైనను రాలేదు. పదమూడు లక్షలు దాటిన జనాభాగల నగరమది.

ఈ ఏర్పాటు కాకతాళీయము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా మహానగరములు పక్షముల ముఠాల చేతిలో నుండెను. న్యూయార్కున టామనీ హాలు అను డెమొక్రాటిక్ సంస్థ ఓడ దిగిన ఐరిషు కూలీకి పని చూపెను, చలికాలమున బొగ్గు ఇప్పించెను, బదులుగా వోటు పుచ్చుకొనెను. అధ్యక్షునికి వోటు వేయ వచ్చినవాడు అదే పక్షపు చీటితో నగరమును కూడ ముఠాకు అప్పగించి పోవుచున్నాడని సంస్కర్తలు వాదించిరి. వీధి ఊడ్చుటకు డెమొక్రాటు పద్ధతి యొకటి, రిపబ్లికను పద్ధతి యొకటి యుండునా అని వారి ప్రశ్న. 1894లో న్యూయార్కు రాష్ట్రపు రాజ్యాంగమునందే నగరపు ఎన్నికలు బేసి సంవత్సరములలో జరుగవలెనను నిబంధన చేరినది. వాదము సబబైనదే. కాని అక్షరాస్యులు, ఆస్తిపరులు ఏ తేదీ పెట్టినను వత్తురనియు, పేద వలసజనము రారనియు ఆ సంస్కర్తలకు తెలియదని నేను నమ్మజాలను.

అదే కాలమున మరియొక మార్పు ప్రకృతి వైపరీత్యము వలన వచ్చినది. 1900 సంవత్సరపు తుపానులో టెక్సాసులోని గాల్వెస్టను పట్టణము కొట్టుకొనిపోగా, పునర్నిర్మాణమునకై కొలదిమంది కమిషనర్లకు పాలన అప్పగించిరి. 1913లో ఒహాయోలోని డేటను నగరము వరదపాలైన పిమ్మట అచ్చటివారు జీతముపై ఒక సిటీ మేనేజరును నియమించుకొనిరి. నేడు డల్లాసు, ఫీనిక్సు, శాన్ ఆంటోనియో వంటి మహానగరములు ఈ మేనేజరు పద్ధతిలోనే ఉన్నవి. మన కార్పొరేషనులలో నిత్యపాలన కమిషనరు చేతిలో నుండును. ఆయనను పంపునది రాష్ట్ర ప్రభుత్వము. డల్లాసు మేనేజరును నియమించునదియు, తొలగించునదియు నగరసభయే. అచ్చట మేయరు పదునైదుగురు సభ్యులలో ఒకడు. ఆయనకును ఒకటే వోటు. న్యూయార్కు, షికాగో మేయర్లు అట్లు కాదు. పోలీసు అధిపతిని నియమించుట, బడ్జెటును రచించి సభ ముందుంచుట వారి హక్కు. కాబట్టి అమెరికాలో మేయరు అన్న మాట వినగానే ఏ నగరపు మేయరని అడుగవలెను.

ఇక ఈ అప్రసిద్ధ తేదీలలో వచ్చి వోటు వేయువారెవరు? పోర్టులండు స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మేయరు ఎన్నికలలో వోటు వేసినవారి నడిమి వయస్సు 57 ఏండ్లు. అనగా అద్దె ఇండ్లలో నుండి బస్సులో పనికి పోవు యువకుడు రాలేదు. సొంత ఇల్లుండి, ఇంటిపన్ను కట్టు పెద్దవాడు వచ్చినాడు. ఎక్కడ క్రొత్త ఇండ్లు కట్టనీయవలెను, బస్సు చార్జీ ఎంత, బడి కెంత సొమ్ము అను ప్రశ్నలు నగరసభలో తేలునవి గనుక ఈ తేడా చిన్నది కాదు.

బడి మాట వచ్చినది గనుక ఉపాధ్యాయ పాఠకులకు ఒక సంగతి చెప్పవలెను. శారా అంజియా అను రాజనీతిశాస్త్ర పండితురాలు 2014లో ప్రకటించిన గ్రంథమున ఈ తేదీల మహిమనే శోధించినది. పాఠశాలా మండలుల ఎన్నికలు వేరు తేదీలలో జరుగుచోట ఉపాధ్యాయుల జీతములు కొంత హెచ్చుగా నుండుట ఆమె గమనించినది. కారణము సులభము. ఊరంతయు మరచిన ఎన్నికను ఉపాధ్యాయ సంఘము మరువదు. తక్కువమంది వచ్చిన కొలది సంఘటితులైనవారి బలము హెచ్చును. ఇది ఉపాధ్యాయుల దోషమని నేననను; భూముల వ్యాపారులును, పోలీసు సంఘములును చేయుపని అదే. జీతము హెచ్చుట మంచిదే. ఊరివారికి తెలియకుండ హెచ్చుట మంచిదా అనునది వేరు ప్రశ్న, నా బోటివానికి కొంచెము ఇబ్బందికరమైన ప్రశ్న.

తేదీ మార్చి చూచిన నగరము లాస్ ఏంజెలిస్. 2013లో అచ్చట మేయరు తుది పోటీకి వచ్చినవారు నమోదైన వోటర్లలో నాలుగవవంతు లోపే. 2015 మార్చిలో నగరపు చార్టరును సవరించి ఎన్నికలను సరి సంవత్సరములకు మార్చుకొనిరి. చిత్రమేమనగా, వోటర్లు రావడము లేదన్న వ్యాధికి మందు నిర్ణయించిన ఆ ఎన్నికకు వచ్చినవారు కూడ సుమారు పదింట ఒక్కరే. ఫలితము 2022లో కనబడినది. కోటీశ్వరుడైన రిక్ కరూసో పదికోట్ల డాలర్లకు పైగా వ్యయపరచి పోటీచేసెను. ఆయన వ్యయములో చిన్న భాగము మాత్రమే వెచ్చించిన కారెన్ బాస్ గెలుపొందిరి. నూటికి నలువదిమందికి పైగా వోటర్లు వచ్చిరి. శాన్ ఫ్రాన్సిస్కో కూడ 2022లో ఇట్టి సవరణ చేసికొని, 2024లో అధ్యక్షుని ఎన్నికతో పాటుగనే తన మేయరును ఎన్నుకొనినది.

వోట్లు హెచ్చినంతనే సర్వము చక్కబడలేదు. నలుబది లక్షలకు చేరువైన లాస్ ఏంజెలిస్ జనమునకు నగరసభ సభ్యులు పదునైదుగురే. 1925 నాటి చార్టరు చెప్పిన సంఖ్య అది. అనగా సభ్యుడొక్కనికి రెండున్నర లక్షల జనము. 2022 అక్టోబరులో, నియోజకవర్గముల హద్దులు ఎట్లు గీయవలెనని సభ్యులు కొందరు రహస్యముగా జరిపిన జాతివిద్వేషపు సంభాషణ బయటపడి, సభాధ్యక్షురాలు రాజీనామా చేయవలసివచ్చినది. హద్దులు గీయు పనిని స్వతంత్ర సంఘమునకు అప్పగించుటకు 2024లో వోటర్లు అంగీకరించిరి.

తేదీ మార్పునకు ఎదురువాదము లేకపోలేదు. అధ్యక్షుని ఎన్నిక హోరులో మురుగుకాలువ మాట ఎవరికి వినబడును? చాంతాడంత వోటుచీటిలో పైనున్న పేరు చూచి, తక్కినదంతయు పక్షమును బట్టి గుర్తుపెట్టి పోవుదురు. 1894 నాటి సంస్కర్తల భయము నేడును పూర్తిగా నిరాధారము కాదు. 2025లో న్యూయార్కు వోటర్లు మార్పును నిరాకరించుటకు ఇట్టి అభిప్రాయము కొంత కారణమైయుండవచ్చును. పైగా ఆ దినమున వారి కండ్ల ఎదుటనే ఒక విచిత్రము జరుగుచుండెను: బేసి సంవత్సరమైనను 20 లక్షలకు పైగా వోట్లు పడినవి. 1969లో జాన్ లిండ్సే రెండవసారి గెలిచిన ఎన్నిక తరువాత అంతమంది వచ్చుట అదే మొదలు. గెలిచిన మమ్‌దానీకి ఒక్కనికే పది లక్షలు దాటినవి. అద్దెల పెంపు ఆపుదును, బస్సులు ఉచితము చేయుదును అని ఆయన చెప్పిన మాటలు అందరికిని అర్థమైనవి. ఆ నగరమున చిన్న చందాలకు ఒకటికి ఎనిమిదిరెట్లు నగరపు ఖజానా జోడించు పద్ధతి కలదు. నగరవాసి యొకడు 250 డాలర్లిచ్చినచో అభ్యర్థి పెట్టెలో 2,250 డాలర్లు పడును. అందుచేత ధనికుల ఇంటికి పోకయే పోటీ సాగెను.

పోటీ గట్టిదైనచో ముహూర్తబలమును జయింపవచ్చుననుటకు షికాగో మరింత పాతసాక్షి. 1983లో నల్లజాతివాడైన హెరల్డ్ వాషింగ్టన్ మేయరు పదవికి నిలువగా నమోదైన వోటర్లలో నూటికి ఎనుబదిమందికి పైగా వచ్చిరి. దాదాపు పదమూడు లక్షల వోట్లలో తేడా సుమారు 48 వేలు మాత్రమే. తరతరములుగా డెమొక్రాట్లైన తెల్లవారు వేలకొలది ఆ ఒక్కసారికి రిపబ్లికనుకు వోటు వేసిరి. ఆ ఉత్సాహమునకు కారణము పౌరస్పృహయే అనలేము. గెలిచిన పిమ్మట ఏబదిమంది సభ్యులలో ఇరువదితొమ్మిదిమంది జట్టుకట్టి మూడేండ్లు ఆయన నియామకములను అడ్డగించిరి. న్యాయస్థానము హద్దులు మార్పించి 1986లో ఏడు వార్డులలో మరల ఎన్నిక జరిపించిన తరువాతనే ఇరుపక్షములు సమానమై, మేయరు నిర్ణాయక వోటు పనికివచ్చినది. మేయరు గెలిచినంత మాత్రమున నగరము గెలిచినట్లు కాదు; పత్రికలు మేయరు చిత్రము వేయును, సభ్యుల పేర్లు వేయవు.

2023లో అదే షికాగోలో తుదిపోటీ ఒక మాజీ ఉపాధ్యాయునికిని, ఒకప్పుడు ఆ నగరపు పాఠశాలలన్నిటిని ఏలిన అధికారికిని నడుమ జరిగెను. ఉపాధ్యాయ సంఘమున పనిచేసిన బ్రాండన్ జాన్సన్ పాల్ వాలస్‌ను ఓడించెను. వచ్చిన వోటర్లు నూటికి నలుబదికి లోపు. అంజియా గ్రంథము చదివినవారికి ఇందులో ఆశ్చర్యము తోపదు.

వోట్లు లెక్కించు పద్ధతిని గూర్చి విద్యార్థులు తెలిసికొనదగిన కథ యొకటి న్యూయార్కుననే ఉన్నది. 1935లో ఆ నగరసభలోని 65 స్థానములలో 62 డెమొక్రాట్లవి; వారికి వచ్చిన వోట్లు మూడింట రెండు వంతులే. మరుసటి సంవత్సరము జనవాక్యమున అనుపాత ప్రాతినిధ్యమును అంగీకరించి, 1937 నుండి ఐదు ఎన్నికలు ఆ ప్రకారము జరిపిరి. వోటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస వేయును. అక్కరకు మించిన వోట్లు తరువాతివానికి పోవును. అట్లు 1941లో ఆడమ్ క్లేటన్ పవెల్ ఆ సభకు మొదటి నల్లజాతి సభ్యుడైనాడు. కమ్యూనిస్టులు ఇద్దరును గెలిచిరి. అదే పద్ధతికి మృత్యువైనది. ప్రచ్ఛన్న యుద్ధపు గాలి వీచగానే 1947లో దానిని రద్దుచేసిరి. 1949లో 25 స్థానములలో 24 మరల డెమొక్రాట్లకే చేరినవి. వరుస వేయు పద్ధతి ఒక్క పదవికి తగిన రూపములో 2021 నుండి పక్షముల ప్రాథమిక ఎన్నికలలో తిరిగి వచ్చినది. ఆ మొదటి లెక్కింపులో అధికారులు పరీక్షకై వేసిన లక్షా ముప్పదియైదువేల చీటీలను తీసివేయుట మరచి, నిజమైన వోట్లతో కలిపి ప్రకటించి నవ్వులపాలైరి. ఒరెగాను రాష్ట్రపు పోర్టులండు మరింత ముందుకు పోయినది. 1913 నాటి కమిషను పద్ధతిని విడిచి, 2024లో నాలుగు మండలములనుండి ముగ్గురేసి చొప్పున పన్నెండుగురిని అనుపాత పద్ధతిన ఎన్నుకొనినది.

మనవారి మాట యొకటి మిగిలినది. డల్లాసు చుట్టునున్న ఇర్వింగు, ఫ్రిస్కో, ప్లేనో నగరములలో వేలకొలది తెలుగు కుటుంబములు కలవు. ఇంటిపన్ను కట్టుదురు, పిల్లలను ఆ బడులకే పంపుదురు. పౌరసత్వము రానివారికి వోటు లేదు, పచ్చకార్డు ఉన్నను లేదు. న్యూయార్కు నగరసభ 2021లో అట్టివారికి నగరపు ఎన్నికలలో వోటుహక్కు ఇచ్చుచు చట్టము చేసెను. ఒక్క ఎన్నికయు దాని క్రింద జరుగకమునుపే, 2025 మార్చిలో, రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. మేరీలాండులోని టకోమా పార్కు అను చిన్న పట్టణమున మాత్రము 1990లనుండి పౌరులు కానివారును, 2013 నుండి పదునారేండ్ల బాలబాలికలును వోటు వేయుచున్నారు. తక్కినచోట్ల నగరసభ సమావేశమునకు పోయి, వంతు వచ్చినప్పుడు లేచి, ఇచ్చిన కొద్ది నిమిషములలో తమ వీధి సంగతి చెప్పుకొనవచ్చును. దానికి పౌరసత్వపు పత్రము అడుగరు.