‘అలాగేనండి’

గోదావరి మండలములలో ‘అలాగేనండి’ అను మాటకు నిఘంటువు చెప్పు అర్థము ఒక్కటే. మనుష్యులు చెప్పు అర్థములు అనేకము. మీరు చెప్పినది వింటిని అని ఒక అర్థము. మీరు పెద్దలు, మీకు ఎదురు చెప్పుట నాకు తగదు అని ఇంకొక అర్థము. ప్రయత్నింతును గాని ఫలితము దైవాధీనము అని మరియొకటి. ఈ పని జరుగదు, జరుగదని మీకును తెలియును, ఆ సంగతి నా నోట పలికింపకుడు అని వేఱొకటి. వీని నడుమ నిజముగా ‘అట్లే చేసెదను’ అను అర్థము కూడ లేకపోలేదు.

భీమవరము వీథిలో పెరిగిన పదేండ్ల పిల్లవానికి ఈ భేదములను ఎవరును నేర్పనక్కఱలేదు. ‘అలాగేనండీ’ అని చివరి అచ్చును సాగదీసినచో ఒక అర్థము. ‘అలాగే లెండి’ అని తెంచినచో మరియొక అర్థము. ‘చూద్దామండి’ అన్నచో ఆశ వదలుకొనవచ్చును. పెండ్లిచూపులకు వచ్చినవారు ‘ఇంటికి వెళ్లి కబురు చేస్తాము’ అన్నప్పుడు, వారింకను గుమ్మము దాటకముందే ఇల్లాలికి విషయము బోధపడుచున్నది. ‘ఆయ్’ అను రెండక్షరముల మాటలో మన డెల్టావారు ఇమిడ్చిన మర్యాదను వేఱొక జిల్లావారికి వివరించుటయే కష్టము. ఇక వేఱొక ఖండమువారి మాట చెప్పవలెనా?

చెప్పవలసిన అవసరమే నేడు వచ్చినది. ఈ పట్టణమున చదువుకొన్న యువకులును యువతులును విదేశీయ సంస్థల పనిని హైదరాబాదులో, బెంగుళూరులో, కొందఱు తమ ఇంటి పడకగదిలోనే కూర్చుండి చేయుచున్నారు. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు ఇక్కడ వేసవిలో సాయంత్రము ఆఱున్నర. మనవారు దీపము పెట్టువేళకు వారి పనిదినము ప్రారంభమగును. రొయ్యల వ్యాపారమును అంతే. 2009లో మన దేశమున పెంపకమునకు అనుమతి పొందిన వనామీ రొయ్య స్వయముగా విదేశీయురాలు. అమెరికా ఖండముల పసిఫిక్ తీరము దాని పుట్టినిల్లు. అది మన చెరువులలో పెరిగి, మంచుగడ్డలలో నిద్రించి, తిరిగి అమెరికావారి పళ్లెమునకే చేరుచున్నది. కొనువాడు దూరమున నుండును, అమ్మువాడు ఇక్కడ నుండును. నడుమ ఉన్నది మాట. ఆ మాట తేదీగా, తూకముగా, ధరగా మాఱవలెను.

అక్కడనే చిక్కు. శుక్రవారమునకు ఈ పని పూర్తియగునా అని దొర అడుగును. మనవాడు ఒక క్షణము ఆగి, ‘ఎస్ సర్’ అనును. ఆ ఒక్క క్షణములోనే సమాధానమంతయు ఉన్నది. మన పెద్దలెవరైన దానిని వెంటనే గ్రహించి, ‘ఏమి అడ్డము వచ్చినదోయి?’ అని అడుగుదురు. దొర ఆ నిశ్శబ్దమును వినడు. మాటను మాత్రము విని, పుస్తకములో తేదీ వ్రాసికొనును. శుక్రవారము వచ్చును, పని రాదు. మనవాడు అసత్యమాడెనని దొర తలచును. ఇంత స్పష్టముగా సంకోచించితినే, ఈయనకు కనులు లేవా యని మనవాడు నొచ్చుకొనును. ఇద్దఱును తమ తమ వ్యాకరణము ననుసరించి సత్యమే పలికిరి. ఇద్దఱును ఎదుటివానిని అసత్యవాదిగానో అవివేకిగానో నిర్ణయించుకొని ఇంటికి పోయిరి.

ఇట్టి చిక్కులను తీర్చుటకు, భారతీయులతో పనిచేయుట ఎట్లు అని విదేశీయులకు బోధించు పుస్తకములును శిక్షణ తరగతులును కలవు. తల ఇటునటు ఊపినచో కాదని తలపవద్దనియు, పెద్ద ఉద్యోగి ఎదుట చిన్నవాడు నోరు విప్పడనియు, పని మాటకు ముందు కుటుంబక్షేమము అడుగుట మంచిదనియు వానిలో చెప్పుదురు. అసత్యములని అనజాలను. కాని వానిలో ‘భారతీయుడు’ అను ఒక వింతప్రాణి సంచరించుచుండును. వాడు పంజాబీ కాడు, తమిళుడు కాడు, తెలుగువాడును కాడు. కడపవారి సూటిమాటకును కోనసీమవారి వంకరదారికిని గల దూరము ఆ పుస్తకకర్తలకు తెలియదు. మఱియు, ఈ గుణమును భారతీయుల దోషముగా వర్ణించుట మఱింత పొరపాటు. జపానువారి ‘హై’ అను మాటకు ‘వినుచున్నాను’ అనియే పలుమాఱులు అర్థము. ఎడ్వర్డ్ హాల్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు 1976లో ప్రకటించిన గ్రంథమున, కొన్ని జాతులవారు అర్థమును మాటలలోనే నింపుదురనియు, కొన్ని జాతులవారు సందర్భమునకు విడిచిపెట్టుదురనియు వివరించెను. రెండవ తెగలో సగము ప్రపంచము కలదు. మనము ఒంటరివారము కాము.

పేరు సంగతి ఆ పుస్తకములలో తగినంత కనబడదు. మనకు ఇంటిపేరు ముందు, తన పేరు తరువాత. విదేశీయుల పత్రములలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుండును. ఆ గళ్లలో మన పేర్లు తలక్రిందులగును. పుట్టి బుద్ధియెఱిగినప్పటినుండి ఎవరును పిలువని ఇంటిపేరుతో ఒక యువతిని నిత్యము పిలుచుచు, చనువు చూపుచున్నానని ఆ దొరగారు సంతోషించును. ఆమె దిద్దదు, దిద్దుట అమర్యాద యని ఆమె భావము. మన భీమవరపు ప్రాంతమునుండి వెళ్లినవారు నలుగురైదుగురు ఒకే కార్యాలయమున చేరినచో మఱియొక వినోదము. పేరు చివరనున్న ‘రాజు’నే అందఱకును వాడి, రాజు చేసిన తప్పునకు మఱియొక రాజును మందలించుట జరుగును. నవ్వుకొనవలసిన విషయమే. కాని తన పేరు తనది కాకుండ పోయినచోట ఎవడును మనసు విప్పి మాటలాడడు.

ఇది క్రొత్త సమస్య యని తలపరాదు. ఈ డెల్టాయే అట్టి సహవాసమునుండి పుట్టినది. ఆర్థర్ కాటను దొర 1847లో ధవళేశ్వరముకడ ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. ఆయన గొప్ప ఇంజనీరగుట అందఱెఱిగినదే. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేఱొకటి కలదు. లోతు తెలియని ఇసుకపై పునాది నిలుపు విద్యను కావేరిమీది ప్రాచీన కల్లణైని చూచి ఈ దేశపు పూర్వులనుండియే నేర్చుకొంటిమని ఆయన దాపఱికము లేక ఒప్పుకొనెను. పాలకజాతివాడు, ఆ కాలమున, పాలితులనుండి నేర్చితినని వ్రాయుట సామాన్యము కాదు. ఇక్కడ పనిలో ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు వీణం వీరన్న. వేలకొలది కూలీలను కూడదీయుట, రాయిని సున్నమును సమకూర్చుట, ఎవరితో ఏ మాట ఎట్లు చెప్పవలెనో తెలిసి పని నడిపించుట ఆయన వంతయ్యెను. రాయ్ బహదూర్ బిరుదము ఆయనకు వచ్చినది. నాలుగు పాయలపై నాలుగు ఖండములుగా కట్టిన ఆ ఆనకట్టను గూర్చి పాఠ్యపుస్తకములలో కాటను పేరు పెద్ద అక్షరములతో నుండును. వీరన్న పేరు ఉన్నచో ఒక పంక్తి. మన కాలువలలో నీరు పాఱుచున్నది ఇద్దఱి మాట పొసగుట వలన.

వారిద్దఱు సమానులని నేననుట లేదు. ఒకడు దొర, ఒకడు దొర క్రింది ఉద్యోగి. అసమానుల నడుమకూడ సమాచారము క్రిందినుండి పైకి నడచినచో పని నిలుచునని మాత్రమే అనుచున్నాను. సి. పి. బ్రౌను కథయును ఇట్టిదే. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు పోయి, తరువాత మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలోను కొలువు చేసిన ఆయన, పండితులను తన సొంత ద్రవ్యముతో పోషించి, వ్రాతప్రతులను సరిచూపించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. 1852లో ఇంగ్లీషు తెలుగు నిఘంటువు వెలువడినది. ఏ పాఠము చెల్లునో ఏది చెల్లదో చెప్పుటకు ఆ పండితులకు చోటు లేకయుండినచో, వారందఱు ‘చిత్తము దొరగారూ’ అని ఊరకుండినచో, ఆ గ్రంథములు ఏ గతి పట్టియుండునో ఊహింపుడు.

ఇంతవఱకు దొరల మాట. ఇక మన మాట చెప్పుకొనవలెను. ఉపాధ్యాయులు నన్ను మన్నింతురు గాక.

తరగతిలో ఉపాధ్యాయుడు పాఠము ముగించి, ‘అర్థమైందా?’ అని అడుగును. అఱువది గొంతులు ఒక్కటై ‘అర్థమైందండీ’ అనును. అందులో ఎందఱికి అర్థమైనదో నల్లబల్లకును తెలియును. కాలేదని ఒకడు లేచినచో, ‘ఇంతసేపు ఏమి చేయుచుంటివి?’ అను ప్రశ్న వానికొఱకు సిద్ధముగా నుండును. వాని ప్రక్కవాడు ఆ ప్రశ్నను విని జన్మమునకు సరిపడు బుద్ధి తెచ్చుకొనును. పదునైదేండ్లు ఈ పాఠమును ప్రతిదినము వల్లించిన బాలుడు ఇరువది రెండవయేట విదేశీయుని ఎదుట ‘ఎస్ సర్’ అనుటలో ఆశ్చర్యమేమి? దొరకు వినుట నేర్పవలసినదే. కాని మన పిల్లవానికి చెప్పుట నేర్పనిది దొర కాదు.

కొందఱు దీనికి చెప్పు సమాధానము నాకు సమ్మతము కాదు. పిల్లలు మర్యాదను విడిచి, పాశ్చాత్యులవలె ముక్కుసూటిగా మాటలాడుట నేర్వవలెనని వారి వాదము. మర్యాదను విడువనేల? మన భాష అంత బీదది కాదు. ‘అండి’ అను ప్రత్యయము ‘అవును’మీద ఎంత సుఖముగా కూర్చుండునో ‘కాదు’మీదను అంత సుఖముగా కూర్చుండును. ‘కుదరదండి’, ‘తెలియలేదండి’, ‘అది అట్లు కాదేమోనండి’, ‘ఇంకొక రెండు దినములు పట్టునండి’: ఈ మాటలలో అవమానము ఎక్కడనున్నది? మన తాతలు పంటకాలువ వంతుల దగ్గఱ, కౌలు లెక్కల దగ్గఱ ఇట్లే మాటలాడిరి. సంతలో ధర కుదరనప్పుడు ‘నాకు గిట్టదండి’ అనని రైతు ఉన్నాడా? లోపము భాషలో లేదు. బడిలోను కొలువులోను ఆ సగము భాషను వాడుటకు మనము చోటీయము.

‘అర్థమైందా?’ అనుటకు బదులు, ‘ఏమి అర్థమైనదో నీ మాటలలో చెప్పుము’ అని ఒక వారము అడిగి చూచుట ఏ పాఠశాలకును భారము కాదు. మొదటి రెండు దినములు నిశ్శబ్దము తప్పదు. విదేశీయ అధికారికిని ఇదే ఉపాయము పనికివచ్చును. అగునా కాదా అని అడుగక, దేనితో ప్రారంభింతువు, ఎక్కడ అడ్డము రావచ్చును, ఎవరి సహాయము కావలెను అని అడిగినచో, ‘అలాగేనండి’ అను సమాధానమునకు తావుండదు. పదిమంది ఎదుట తప్పెన్నక ఏకాంతమున చెప్పినచో, మఱునాడు మనవాడు తానుగానే వచ్చి తప్పు చూపును.

ఇంకొక సంగతి. మనలను అన్యులు ఎఱుగలేదని నొచ్చుకొను మనము, మన నడుమకు వచ్చినవారిని ఎంత ఎఱిగితిమి? చెరువుల మీదను, రొయ్యలను శుభ్రపఱచు కర్మాగారములలోను ఉత్తరాంధ్రమునుండి, ఒడిశానుండి వచ్చినవారు పనిచేయుచున్నారు. వారి ‘అవును’లో ఎన్ని అర్థములు కలవో మేస్త్రీకి తెలియునా? అర్థము కాకున్న గట్టిగా అఱచినచో అర్థమగునను భ్రమ దొరలకు మాత్రమే పరిమితము కాదు.

ఈ విషయమున మనకు దారి చూపినవాడు ఒక బడిపంతులే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలనుండి వచ్చు సవరలను చూచి, వారి భాష నేర్వవలెనని సంకల్పించెను. ఆ భాషకు అప్పటికి పుస్తకములు లేవు. తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట నుంచుకొని మాట వెంబడి మాట నేర్చెను. సవరపిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసెను, తన డబ్బుతో బడులు నడపెను. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. కొండజ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినది. వ్యావహారిక భాషోద్యమమునకు నాయకుడని ఏటేట ఆగస్టు 29న ఆయనను తలచుకొనుచున్నాము. సవరల మాట వినుటకు చెవులనే వెచ్చించిన ఉపాధ్యాయుడని తలచుకొనుట తక్కువ.

ఒడియా మాటలాడు కూలివాని బిడ్డ రేపు భీమవరములో ఏ పాఠశాలలోనో చేరినచో, వాని పేరు హాజరుపట్టీలో ఎట్లు వ్రాయబడునో, వాని తల్లి పిలుచునట్లు పలుకుట ఎట్లో ఆమెనే అడుగుటకు ఏ ఉపాధ్యాయుడు ముందుకు వచ్చునో చూడవలెను. తప్పుగా పలికినను ఆ తల్లి ‘అవునండి’ అనియే తలయూపును. రెండవమాఱు అడుగవలసియుండును.