గవ్వల ఆటకు కర్తలెవరు?

కొత్తగూడ పరిసరాలలోని సాఫ్ట్‌వేరు సౌధాల నీడన యువకులు నేడు చేతిఫోనులలో లూడో ఆడుచున్నారు. ఇది పాశ్చాత్యుల సృష్టియని పలువురి భావన. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఆ ఆటకు మూలము మన పచ్చీసు. గవ్వల పందెములో ఒకనాటి గరిష్ఠ సంఖ్య ఇరవై అయిదు, ఉర్దూలో పచ్చీస్. ఆ పేరే ఆటకు నిలిచినది. ఫతేపూర్ సిక్రీలో పచ్చీసు ప్రాంగణము నేటికిని కలదు. తెలుగిండ్ల అష్టాచెమ్మా దీనికి తోబుట్టువు: అయిదు వరుసల గళ్ళు, నాలుగు గవ్వలు, అన్నియు వెల్లకిల పడిన చెమ్మా, బోర్ల పడిన అష్టా.

2016లో వెలువడిన లూడో కింగ్, 2020 లాక్‌డౌనులో ఎడబాసిన కుటుంబాలను ఒక్క ఆటలో కలిపినది. దాని నిర్మాతలకు కీర్తి దక్కినది, న్యాయమే. కాని అరుగులపై సుద్దతో గళ్ళు గీసి, నియమములను తీర్చిదిద్దిన అమ్మమ్మలకు, దాదీలకు ఏ పేటెంటు కలదు? ఊరూర మారు ఆ నియమములు వారితోనే అంతరించుచున్నవి.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఇంటి పెద్దలనడిగి వాటిని ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి తెండు. కళాశాల కమిటీవారు వాటిని రాబోవు సంచికలో ప్రకటింపవలెను. మన కంప్యూటరు విద్యార్థులు రేపు ఆట నిర్మింపదలచినచో, ముడిసరకు మన ఇంటిలోనే లభించును.