ఉస్మానియా దవాఖానాకు తాళమే వైద్యమా?

విద్యార్థికి ఉస్మానియా అంటే విశ్వవిద్యాలయం. మా టేక్మాల్ పరిసర పల్లెల పేదవానికి ఉస్మానియా అంటే దవాఖానా. జోగిపేట, సంగారెడ్డి మీదుగా పట్నం బస్సెక్కిన రోగికి, అతడు రహీమైనా రాములైనా, ఆ పేరే చివరి ఆశ. అటువంటి దవాఖానా పాత భవనానికి 2020 జూలైలో తాళం పడింది. వార్డులలోకి మురుగునీరు చేరగా రోగులను తరలించి, భవనాన్ని మూసివేశారు. నీరు ఎందుకు చేరిందన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారే, భవనం పాతబడిందని తీర్పు చెప్పారు.

ఈ దవాఖానా చరిత్ర ఏడవ నిజాంతో మొదలు కాలేదు. 1866లో, అఫ్జలుద్దౌలా పాలనాకాలంలో, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలసింది. 1888, 1889లలో క్లోరోఫారం మత్తుపై ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించిన పరిశోధనలు నిజాం ప్రభుత్వ ఖర్చుతో హైదరాబాద్‌లో జరిగాయి. వాటి నిర్ణయాలన్నీ తరువాతి కాలంలో నిలవకపోవచ్చు. అయినా ప్రజల ఖజానా సొమ్ముతో విజ్ఞానాన్ని అన్వేషించిన నగరం ఇది. ఇక్కడి వైద్య పాఠశాలలోనే చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఆ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ చెట్టు నేటికీ నిలిచి ఉంది. ఆ విపత్తు తరువాత మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో, 1920వ దశకంలో నేటి గుమ్మటాల భవనం పూర్తయింది. వరదకు కూలిన చోట పాలకులు మరింత గట్టిగా కట్టారు. మన కాలపు పాలకులకు మాత్రం కూల్చడమే ముందుగా తోచింది. 2015లో కూల్చివేత ప్రతిపాదన వచ్చింది. ప్రజలు అడ్డుపడ్డారు, వారసత్వ నిపుణులు మరమ్మతు సాధ్యమేనన్నారు, వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది.

గుమ్మటం కనిపిస్తే చాలు, బానిసత్వపు గుర్తు అనేవారున్నారు. వారికి నా జవాబు ఒక్కటే: ఆ గోడల సున్నంలో మెదక్ రైతు చెల్లించిన శిస్తు ఉంది. అది ఏ రాజు దయాధర్మమూ కాదు, ప్రజల సొమ్ము. మనవారికీ ఒక మాట చెప్పాలి. నిజాం పేరు మీద సభలు పెట్టి, దండలు వేసి, ఇంటికి పోతే దవాఖానా నిలవదు. దీనిని ముస్లింల కట్టడంగా కుదించి మాట్లాడితే, కూల్చాలనేవారి పని మనమే సులువు చేసినవాళ్ళమవుతాం. ఇది పేదల కట్టడం.

పాత భవనం ఆధునిక శస్త్రచికిత్సలకు సరిపోదన్న వాదనలో నిజముంది. 2025 జనవరి 31న గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. దానిని మనసారా స్వాగతిద్దాం. కానీ కొత్తది వస్తున్నదన్న మాట పాతదాని మరణశాసనం కారాదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపినవాడిగా నాకు తెలిసిన సత్యం ఒకటుంది: భవనాన్ని కూల్చడానికి గడ్డపార అక్కరలేదు, మరమ్మతు ఫైలు కదలకుండా ఉంటే చాలు. నాలుగు వానాకాలాలు గడిస్తే పైకప్పే సంతకం పెడుతుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. పాత భవనాన్ని కూల్చబోమని ప్రభుత్వం జీవో ద్వారా ప్రకటించాలి. మరమ్మతులకు నిధులు, గడువు నిర్ణయించాలి. బాగుచేసిన తరువాత హోటలుగానో, అద్దె మాళిగగానో మార్చక, ఓపీ సేవలకో వైద్య విద్యకో, వైద్య చరిత్ర ప్రదర్శనశాలకో వినియోగించాలి. అఫ్జల్‌గంజ్‌లో పేదలకు వైద్యం అందే ద్వారం మూతపడకూడదు.

సోదరులారా, సోదరీమణులారా! ఆవేశపు ప్రసంగాల కన్నా పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు బలమైనది. మరమ్మతుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఫైలు ఏ బల్ల మీద ఆగింది అని ప్రతి మండలం నుంచీ అడగండి. మీ శాసనసభ్యుని చేత సభలో అడిగించండి. మస్జిద్ కమిటీలతో పాటు రైతు సంఘాలనూ, దళిత సంఘాలనూ కలుపుకోండి. ఆ వార్డులలో పక్కపక్క మంచాల మీద పడుకొని కోలుకున్న మనం, ఆ భవనాన్ని కాపాడే పనిలో విడివిడిగా నిలబడటం తగదు.